అయస్కాంతానికి మేత

సూర్యాపేటలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక ఫిజియోథెరపీ సెంటర్ ఉంది. రెండు నెలలుగా వారానికి మూడు రోజులు అక్కడికి పోతున్నాను. మోకాళ్లు అరిగాయి. ముప్పై ఏళ్లు నిలబడి సైన్సు పాఠాలు చెప్పినందుకు పెన్షన్‌తో పాటు దక్కింది ఇదే అనుకోవాలి. అక్కడొక సైకిల్ ఉంటుంది. దానికి చక్రాలు లేవు, ఎక్కడికీ పోదు. తొక్కితే ముందున్న చిన్న తెర వెలుగుతుంది, ఆపితే కాసేపటికి ఆరిపోతుంది.

"పది నిమిషాలు తొక్కాలె మేడం, నడుమల ఆపొద్దు" అని చెప్పి అక్కడి అమ్మాయి పక్క మంచం మీది భుజం నొప్పాయన దగ్గరికి పోయింది. నాలుగో నిమిషానికే నాకు ఓపిక అయిపోయింది. ఆపాను, తెర ఆరింది. దీనికి కరెంటు వైరు లేదా అని అడిగాను.

"లేదు మేడం. మీరు తొక్కితేనే వస్తది. లోపట మాగ్నెట్ ఉంటది, గది తిరిగితే కరెంటు పుడ్తది."

నాకే పాఠం చెబుతోంది. ఆత్మకూరు నుంచి సూర్యాపేట దాకా ఎన్ని బడుల్లో ఎంతమంది పిల్లలకు చెప్పానో ఆ మాట. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుంది, కదలిక ఆగితే అదీ ఆగుతుంది, ఇంతే. రెండు ముక్కల్లో అయిపోయే పాఠం. కానీ ఏటా ఆ పాఠం రాగానే నా గొంతు ఎండిపోయేది. సుద్దముక్కల పొడి అనుకుని పిల్లలు మంచినీళ్లు తెచ్చిచ్చేవాళ్లు. నేనూ సుద్దపొడే అని చెప్పి తాగేదాన్ని.

మా ఊరు వేములపల్లి దాటాక, ఎడమ కాలువ పక్కన. నాయిన ఆ కాలువ మీద లష్కరు. గట్టు వెంట తిరుగుతూ ఎక్కడ గండి పడేలా ఉందో, ఎవరు ఎవరి వంతులో తూము తెరిచారో చూసుకునే సర్కారు కొలువు అది. కోడి కూయకముందు ఒక తిరుగుడు, పొద్దుగూకేటప్పుడు ఒక తిరుగుడు. అందుకే ఆయన సైకిల్‌కు డైనమో ఉండేది. చిన్న మందు సీసా అంత ఉండేది. నెత్తిన ఒక గిరక. ఆ గిరకను టైరుకు ఆనిస్తే చక్రంతో పాటు తిరిగి ముందు లైటు వెలిగేది.

మా వాడలో కరెంటంటే అదొక్కటే. సాగర్ దగ్గర తయారైన కరెంటు పెద్ద పెద్ద స్తంభాల మీద మా నెత్తుల మీదుగానే పోయేది. ఊళ్లో మిల్లుకు ఉంది, పెద్ద ఇళ్లకు ఉంది. మా వాడకు మాత్రం రాలేదు. "అర్జీ రాసిన్రు, వస్తది" అని నాయిన ఏటా చెప్పేవాడు. మేము స్తంభానికి చెవి ఆనించి లోపల జుమ్మనే చప్పుడు విని తృప్తిపడేవాళ్లం.

మా వాడలో అందరిదీ ఒకే గుడి. ఈస్టరుకు ముందు నలభై రోజులు శ్రమ దినాలు. ఆ రోజుల్లో పొద్దుగూకగానే రోజుకో ఇంట్లో ప్రార్థన ఉండేది. పాస్టరయ్య మిర్యాలగూడ నుంచి ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు. మిగతా రోజుల్లో వాక్యం చదవడం నాయిన పని, తడబడకుండా చదవగలిగిన పెద్దమనిషి వాడలో ఆయనొక్కడే కాబట్టి. కిరోసిన్ బుడ్డి వెలుతురులో ఆయనకు అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించేవి. ఒక ఏడు ఆయనే ఒక ఉపాయం చేశాడు. ప్రార్థన ఎవరింట్లో ఉంటే ఆ ఇంటి లోపల సైకిల్‌కు స్టాండు వేసి, వెనక చక్రం నేలకు తగలకుండా నిలబెట్టాడు. డైనమోను టైరుకు ఆనించాడు. ముందు లైటు విప్పి, దానికి పొడుగు వైరు కలిపి దూలానికి వేలాడగట్టాడు. ఇక పెడల్ తిప్పడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను.

నాకప్పుడు పదకొండేళ్లు. గొంతుక్కూర్చుని పెడల్‌ను చేత్తో తిప్పుతుంటే చక్రం గిర్రున తిరిగేది, డైనమో సన్నగా మూలిగేది, వేడెక్కిన రబ్బరు వాసన, కుట్టు మిషన్ నూనె వాసన ముక్కుకు కొట్టేవి. నా నెత్తి మీద తెల్లటి వెలుతురు. ఆ వెలుతురులో అందరి మొహాలూ కొత్తగా కనిపించేవి. మొదటి వారం నాకు గొప్పగా ఉండేది. రెండో వారానికి భుజం సలపడం మొదలైంది.

దొంగవేషాలు కూడా వేశాను. వాక్యంలో తాతముత్తాతల పేర్ల పట్టీ వచ్చిందంటే చెయ్యి కావాలనే నెమ్మది చేసేదాన్ని. లైటు ఎర్రబడేది. నాయిన పుస్తకాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, కళ్లు చికిలించి, చివరికి నాలుగు పేర్లు వదిలేసి కిందికి దిగేవాడు. మా పక్కింటి పెద్దవ్వకు చదువు రాదు గానీ పేర్ల లెక్క మాత్రం తప్పదు.

"ఏందిరా కొడుకా, ఈయేడు మంది తక్కువైన్రు. పోయినేడు ఇంకా శానమంది ఉండె" అనేది.

నేను తల వంచుకుని తిప్పేదాన్ని. ఆమేన్ అనగానే చక్రం వదిలేసి గుగ్గిళ్ల గిన్నె దగ్గరికి పరుగు. ఉడికిన శనగల మీద ఎండుమిరపకాయ, ఉల్లిగడ్డ తాలింపు. పక్కన బెల్లం చాయ. శుక్రవారం ఉపవాసం ఉన్న పెద్దవాళ్లు ఆ గుగ్గిళ్లతోనే ఉపవాసం విడిచేవాళ్లు.

ఒక సాయంత్రం కాలువ గట్టు మీద నాయినను అడిగాను, ఆ సీసాలో వెలుతురు ఎక్కడ ఉంటుందని.

"అండ్ల వెలుతురుండదు బిడ్డా. అయస్కాంతం ఉంటది, దాని సుట్టూ రాగి తీగ ఉంటది. అయస్కాంతం తిరుగుతుంటే తీగల కరెంటు పుడ్తది. పండుకుంటే లేదు. సాగర్ల సుత గిదే పని. గాడ పెద్ద సక్రాన్ని నీళ్లు తిప్పుతయి, గీడ సిన్న సక్రాన్ని నువ్వు తిప్పుతున్నవ్."

"నీళ్లకు అలుపు రాదా?"

"నీళ్లు పైనుంచి కిందికి దిగుతయి. దిగేటందుకు అలుపేంది?"

"మరి అయస్కాంతానికి?"

నాయిన నవ్వాడు. "దానికి సుత వస్తుండొచ్చు. ఎన్నేండ్ల సంది తిరుగుతున్నదో పాపం."

నవ్వులాటకు అన్నాడు. పదకొండేళ్ల పిల్లకు నవ్వులాటకు చెప్పే మాటలు ఎంత లోతుకు పోతాయో నాయినకు తెలియదు. తర్వాత టీచరయ్యాక నాకు తెలిసింది. క్లాసులో ఎన్నడూ అట్లాంటి మాట అనలేదు.

ఆ ఏడు అక్క పది పరీక్ష రాస్తోంది. మా వాడ నుంచి పదో తరగతి దాకా పోయిన మొదటి ఆడపిల్ల. పాసైతే నర్సు ట్రైనింగులో చేర్పిస్తానని పాస్టరయ్య మాట ఇచ్చాడు. అక్క తెల్ల చీర కట్టుకున్నట్టు నేను కలలు కూడా కన్నాను. ఫెయిలైతే ఏమిటన్నది అమ్మ ముందే చెప్పేసింది.

"ఏముంటది, వానకాలం నా ఎంట నాట్లకు వస్తది. ఇంట్ల కూసుంటే ఎట్ల గడుస్తది?"

అమ్మ కోపంతో అన్న మాట కాదు. రోజంతా వంగి పనిచేసి వచ్చిన మనిషి, ఉన్న సంగతి చెప్పింది. అక్కకు అన్నీ వచ్చు, లెక్కలే కొరుకుడు పడవు. రేషన్ కిరోసిన్ నెలలో సగం రోజులకు కూడా వచ్చేది కాదు. కాబట్టి ప్రార్థన అయ్యాక సైకిల్ ఇంటికి తెచ్చి, అమ్మ అన్నం వండేంతసేపు అక్క కోసం తిప్పడం కూడా నా మీదే పడింది. ప్రార్థనలో ఒకసారి, ఇంట్లో ఒకసారి. పొద్దున లేస్తే చెయ్యి పైకి లేచేది కాదు. బిందె ఎత్తుకోవాలంటే ఏడుపొచ్చేది. అయినా ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకొకరికి ఆ పని పోతుందని భయం. నాకు ఆ పనంటే విసుగు, ఆ పని నాదని గర్వం, రెండూ ఉండేవి.

అయిదో వారానికి లైటు మునుపటిలా వెలగడం లేదనిపించింది. ఎంత తిప్పినా పసుపుపచ్చగానే ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే తగ్గింది నా చేతి బలమే. అప్పుడు మాత్రం నాకు వేరే తోచింది. నలభై రోజులు పెద్దవాళ్లు ఉపవాసాలుంటున్నారు. అయస్కాంతం కూడా ఏమీ తినకుండానే తిరుగుతోంది కదా.

తినడమంటే నిజంగా తినడమే. పగిలిపోయిన మైకులోంచి ఊడిన అయస్కాంతం ముక్కలు మా పిల్లల దగ్గర ఉండేవి. వాటిని పిల్లకాలువ ఇసుకలో దొర్లిస్తే నల్లటి ఇనుప రజను అంటుకునేది. మా భాషలో అది మేత. మేత పెట్టకపోతే అయస్కాంతం చచ్చిపోతుందని మా అందరికీ నమ్మకం. అగ్గిపెట్టెలో ముక్కతో పాటు రజను కూడా పోసి దాచుకునేవాళ్లం. నా ముక్కకు రోజూ మేత పెడుతున్నాను, డైనమోలో దానికి మాత్రం ఎవరూ ఒక్క పూటైనా పెట్టలేదు. నా మనసు కలుక్కుమంది.

అక్క లెక్కల పరీక్షకు ఇంకా అయిదు రోజులుంది. ఆ రోజు నాయిన ఆఫీసు పని మీద బస్సులో మిర్యాలగూడ పోయాడు. సైకిల్ ఇంట్లోనే ఉంది. అమ్మ పొలానికి, అక్క బడికి పోయారు. నేను కడుపునొప్పి అని చెప్పి ఉండిపోయాను. నాయిన నూనె వేసేటప్పుడు డైనమో విప్పడం చూశాను కాబట్టి పానా, పట్టకారు పట్టుకుని నేనూ విప్పాను. వేలు చీరుకుపోయింది. లోపలి నుంచి నల్లటి గుండ్రటి అయస్కాంతం బయటికొచ్చింది. నిమ్మకాయంత కూడా లేదు. ఇంత వెలుతురు ఇచ్చేది ఇదేనా అని జాలేసింది.

పిల్లకాలువ దగ్గరికి తీసుకుపోయి ఇసుకలో దొర్లించాను. ఒళ్లంతా నల్లటి ముళ్లు లేచాయి. దాచుకున్న రజను కూడా తెచ్చి దాని మీదే పోశాను. "తిను, తిను" అని దూడకు చెప్పినట్టు చెప్పాను. పొద్దు వాలేదాకా అట్లాగే ఇసుకలో ఉంచాను. మళ్లీ బిగించేటప్పుడు తుడవలేదు. తుడిస్తే తిన్నదంతా పోతుంది కదా.

ఆ సాయంత్రం ప్రార్థన పెద్దవ్వ ఇంట్లో. నాయిన పుస్తకం తెరిచాడు. నేను పెడల్ తిప్పాను. డైనమోలోంచి గరగరమని చప్పుడు వచ్చింది. లైటు బీడీ కొసంత ఎర్రగా వెలిగి అక్కడే ఆగింది. ఉన్న బలమంతా పెట్టి తిప్పాను. ఇంకా గరగరమంది తప్ప వెలుతురు పెరగలేదు. నాయిన నా వైపు కాదు, డైనమో వైపు చూశాడు. పెద్దవ్వ లేచి బుడ్డి వెలిగించింది. వాక్యం ఆ పొగలోనే అయింది. ఆమేన్ అన్నాక నేను గుగ్గిళ్ల గిన్నె దగ్గరికి పోలేదు.

మర్నాడు నాయిన నన్ను సైకిల్ వెనక ఎక్కించుకుని మిర్యాలగూడలో సైకిల్ షాపుకు తీసుకుపోయాడు. దారి పొడుగునా మిల్లుల్లోంచి ఉడికిన వడ్ల వాసన వస్తోంది. షాపు మేస్త్రీ డైనమో విప్పి కాగితం మీద బోర్లించాడు. నల్లటి రజను కుప్పగా పడింది.

"అయస్కాంతాన్ని బయటికి తీసిన్రా అన్నా?"

"నేనెందుకు తీస్త?"

"రజను మొత్తం లోపటికి పోయింది. తీగ మీది పూత గీసుకపోయింది. అయస్కాంతంల సుత బలం లేదు. దాని సుట్టూ ఈ ఇనుప డొక్క ఉన్నంతసేపే దాని బలం నిలబడ్తది. తీసి బయట పెడితే దిగిపోతది. ఇగ ఇది పనికి రాదు, కొత్తది ఏసుకోవాలె."

నాయిన చాలాసేపు ఆ రజను వైపే చూశాడు. "మొన్న గట్టు మీద సైకిల్‌ను ఇసుకల పండబెట్టిన. గప్పుడే పోయినట్టుంది. నాదే తప్పు" అన్నాడు.

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. కొత్తది కొనడం ఆ నెలలో అయ్యే పని కాదని నాయిన మొహం చూస్తేనే తెలుస్తోంది.

సంగతి వాడంతా తెలిసింది. మా వాడ ఆడవాళ్లు అన్నం వండే ప్రతిసారీ గుడి కోసం పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టేవాళ్లు. పెద్దవ్వ ఆ సాయంత్రం ప్రార్థనలో లేచి, "ఈ నాలుగు దినాలు పిడికెడు బియ్యం పక్కన పెట్టుడు బందు. ఇంటికి ఇంత గాసునూనె తెచ్చి పరీక్ష రాసే పిల్ల బుడ్డిల పోయాలె" అంది. గాసునూనె అంటే కిరోసిన్. చెంచాడు తెచ్చినవాళ్లున్నారు, గరిటెడు తెచ్చినవాళ్లున్నారు. తమ బుడ్డి ఒంచి పోసి చీకట్లో కూర్చున్నవాళ్లూ ఉన్నారు. అక్క ఒక్కొక్కరికీ దండం పెట్టింది. నేను చక్రం పని లేక గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాను. నా చేతులకు హాయిగా ఉంది. అలా హాయిగా ఉన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

లెక్కల పరీక్ష రోజు తెల్లవారుజామున నాయిన అక్కను సైకిల్ మీద కూర్చోబెట్టి, తాను దిగి నడిపించుకుంటూ పోయాడు. లైటు లేకుండా గట్టు మీద తొక్కితే కాలువలో పడతామని భయం. వాళ్లు కనిపించినంత దూరం చూశాను.

ఎండలు ముదిరాక పేపర్లో నెంబర్లు వచ్చాయి. నాయిన హోటల్ దగ్గర చూసి వచ్చాడు. సైకిల్ గోడకు ఆనించి, చెప్పులు విడిచి, "లెక్కలల్ల పోయింది" అన్నాడు. ఎవరూ ఏడవలేదు. మళ్లీ ఫీజు కడదామని నాయిన రెండుసార్లు అడిగాడు. అక్క వద్దంది. వానలు పడ్డాక ఒక పొద్దున అమ్మ అన్నం మూట ఒకటికి బదులు రెండు కట్టింది. అక్క చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఆమె వెనకే నడిచింది.

మరుసటి ఏడు మా వాడకు స్తంభాలు వచ్చాయి. నా పది నేను బల్బు కింద చదివాను. ఆ తర్వాత ఇంటర్మీడియట్, డిగ్రీ, బీఎడ్. మంచి మార్కులు వచ్చిన ప్రతిసారీ నాయిన సంతోషపడి, ఆ వెంటనే ఆ మాట అనేవాడు. "పెద్దదానికి సుత గిట్ల లైటుంటే పాసయ్యేది. ఇసుకల సైకిల్ పండబెట్టి నేనే దాని నోట్ల మన్ను కొట్టిన." అక్క పెళ్లిలో అన్నాడు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు అన్నాడు. చివరి రోజుల్లో దవాఖాన మంచం మీద కూడా అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. పక్కన కూర్చుని దుప్పటి సర్దాను.

పోయిన నెల కోదాడ వెళ్లాను. అక్క పెళ్లయినప్పటి నుంచి అక్కడే ఉంది. అన్నేళ్లలో ఆమె మాట సగం ఆంధ్ర వైపు జరిగింది. వాకిట్లో గోనెపట్టా పరిచి చింతపండు గింజలు తీస్తోంది. నేను కుర్చీలో కూర్చున్నాను, కింద కూర్చుంటే లేవలేను. అంతకుముందు వారమే ఆ చక్రాల్లేని సైకిల్ తొక్కడం మొదలుపెట్టాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇంక మోయలేననిపించింది.

"అక్కా, ఆనాడు డైనమో పాడుచేసింది నాయిన కాదు. నేను."

గింజ తీస్తున్న చెయ్యి ఆగలేదు. "తెలుసులేవే" అంది.

"ఎప్పటి నుంచి?"

"ఆ సాయంత్రమే. నీ గోళ్ల నిండా నల్ల రజనుంది. వేలు కూడా కోసుకుపోయి ఉంది."

"మరి నాయినతో ఎందుకు చెప్పలే?"

"చెప్తే నిన్ను కొట్టేవాడు. పిల్లదానివి. చెప్పకపోతే తనను తాను తిట్టుకుంటాడు, రెండు రోజులకు మర్చిపోతాడనుకున్నా. మర్చిపోలేదు." చేతిలో గింజ పక్కన పడేసింది. "అది నా తప్పే."

"నా వల్లనే నువ్వు ఫెయిలైనవ్ అక్కా" అన్నాను.

"నీ వల్ల కాదులే. అది బాగున్న రోజుల్లో మాత్రం నేనేం చదివానని. ఒక లెక్క చేసి రెండోది సగంలో ఉండగానే గోడ మీద వెలుతురు వణికేది. తిరిగి చూస్తే నీ చెయ్యి వణుకుతుండేది. పెదవి కరుచుకుని తిప్పుతుండేదానివి. ఇంకెట్లా చదవనే? అయిపోయిందే, ఇంక చాలు అని పుస్తకం మూసేదాన్ని. అయిందీ లేదు, పాడూ లేదు."

చేతిలోని చింతపండు పళ్లెంలో వేసి, ఇంకో పండు తీసుకుంది.

నాకు ఆ సాయంత్రాలు గుర్తున్నాయి. అక్క పుస్తకం మూసిన చప్పుడు వినగానే పెడల్ వదిలేసి అమ్మ దగ్గరికి ఉరికేదాన్ని. మా అక్క ఎంత తొందరగా చదువుతుందో అని స్నేహితురాళ్ల దగ్గర గొప్పలు చెప్పుకునేదాన్ని. నిజంగానే అయిపోయిందా అక్కా అని ఒక్కసారి కూడా అడగలేదు.